గవ్వ కాదన్న ఇండ్లు

సోమవారం

గవ్వ మా ఇంటికి వచ్చింది. కుక్క ఎవరింట్లో ఉంటే ఆ ఇంటివాళ్లు రోజూ దాని సంగతి రాసిపెట్టాలన్నది మా మూడో సాలు ఇండ్లన్నిటి కట్టుబాటు. వంతు ప్రకారం ఈ వారం యశోదది. కడుపు కోసిన కుక్కను చూసుకోవడం తన వల్ల కాదని యశోద అంది. నా పొయ్యి పక్కన వెచ్చగా ఉంటుందని మిగతావాళ్లు అన్నారు. అందుకని నేను రాస్తున్నాను.

జరిగింది ఇది. దీపాల వెలుగులో పండే లాంతరు చేనులో ఎవరో మక్కకంకి కాల్చుకు తిని బెండు పారేశారు. గవ్వ దాన్ని మింగింది. బెండు పేగులో అడ్డం పడింది. నిన్న డాక్టర్ నజ్మా దాని పొట్ట కోసి బెండు తీసింది. నజ్మా మనుషుల డాక్టరు. ఈ బొగ్గుబావి మొత్తానికి ఆమె ఒక్కతే కాబట్టి కుక్కలకూ ఆమే. కుట్లు వేసింది మాత్రం ఆమె దగ్గరున్న యంత్రం, చేతులపెట్టె. దాని సన్నటి ఇనుప వేళ్లు వేసిన కుట్లు చూశాను. నా జాకెట్టుకు నేను ఏనాడూ అంత బాగా కుట్టలేదు.

నజ్మా చెప్పిన జాగ్రత్తలు రాస్తున్నాను. ఇవాళ నాలుక తడిపితే చాలు. రేపటి నుంచి పలుచటి జావ, కొంచెం కొంచెం, మాటిమాటికీ. పేగును ఒకసారి చేత్తో ముట్టుకుంటే అది అలుగుతుందట. ఒకటి రెండు రోజులు కదలకుండా ఊరుకుంటుందట. తర్వాత దానంతట అదే గుడగుడలాడాలి. పొట్ట మీద చెవి పెట్టి వింటూ ఉండమంది. వాంతి అయినా, పొట్ట గట్టిపడినా, మొదటిసారి దొడ్డికి పోయినా కబురు చేయమంది.

చెవి పెట్టి విన్నాను. ఖాళీ బిందెలో చెవి పెట్టినట్టు ఉంటుందనుకున్నాను. అలా కూడా లేదు. ఖాళీ బిందె కనీసం హోరుమంటుంది.

మంగళవారం

పొద్దున సాలు దీపాలు తెల్లబడగానే రాగిజావ కాచి, గుడ్డలో వడకట్టి, చెంచాతో పెట్టాను. నాలుగు చెంచాలు నాకి తల పక్కకు పెట్టుకుంది. నొప్పేమో అనుకున్నాను.

సారయ్య వచ్చాడు. గవ్వను సాలంతా తిప్పేవాడు ఆయనే. ఆయనకు పిల్లలు లేరు, గవ్వకు మూడేళ్లు తానే నేర్పాడు. కుక్క తిరగక సాలులో ఎవరికీ నిద్ర లేదని, ఇవాళ ఎలాగైనా తిప్పాలని అన్నాడు. నజ్మాను అడిగే వచ్చాడట. నెమ్మదిగా నడిపిస్తే పేగుకూ మంచిదేనని ఆమె ఒప్పుకుందట. గడప ముద్దకు బదులు ఒక్కో ఇంట్లో వేలి కొసకు జావ అంటించి చూపిస్తే చాలని అందట.

గడప ముద్ద సంగతి మాకు ఒకరు చెప్పనక్కరలేదు కానీ రాయడం పద్ధతి. పైన ఎండలకు తాళలేక పాత బొగ్గుబావిలోకి దిగిన కాపురాలు మావి, బొగ్గు తీసేసిన ఒక్కో సొరంగం ఒక్కో సాలు. ఎక్కడో ఒకచోట చెడుగాలి ఊరుతూనే ఉంటుంది. దానికి రంగు లేదు, మన ముక్కుకు అందే వాసన లేదు. అది ఉన్నచోట మూతి పెట్టొద్దని కుక్కకు పిల్లప్పటి నుంచే నేర్పుతారు. పొద్దున్నే ఇంటింటికీ వస్తుంది, గడప లోపల ముద్ద పెడతాం, తింటే ఆ ఇల్లు మంచిది. ఐదో సాలులో గాలి మీటర్లు పచ్చగా వెలుగుతుండగానే జనం నిద్రలో పోయారు. ముందురోజు వాళ్ల కుక్క ముద్ద ముట్టలేదట, ఎవరూ పట్టించుకోలేదట. అప్పటి నుంచి మీటరు ఏమన్నా సరే, కుక్క కాదన్న ఇల్లు ఖాళీ చేయాల్సిందే. మళ్లీ అది అక్కడ తినేదాకా ఆ ఇంటివాళ్లు పై హాలులో ఉండాలి. కుక్కే లేని సాలులోనైతే ఎవరూ ఉండకూడదు.

సారయ్య ఎప్పటిలాగే సాలులోకి గాలి తోసే ఫ్యాను వైపు నుంచి మొదలుపెట్టాడు. నేను జావగిన్నె పట్టుకుని వెంట నడిచాను. మొదటి ఇండ్లలో గవ్వ వేలు నాకింది. నడిచేకొద్దీ మందగించింది. చివరి ఇల్లు యశోదది. అక్కడ వేలు చూసి మొహం తిప్పుకుంది.

సారయ్య ఇంకోసారి చూపించాడు. మళ్లీ తిప్పుకుంది.

యశోద కొప్పు సగం ముడిచి అలాగే నిలబడింది. "నిన్నమొన్నటిదాంక నా గిన్నె గూడ నాకినవు గదనే. ఇయ్యాల నా ఇంట్ల ఏమొచ్చి సచ్చింది?" అని కుక్కను అడిగింది. గోడ మీద మీటరు పచ్చగానే ఉంది. సారయ్య దానివైపు చూడను కూడా చూడలేదు. సాయంత్రంలోపు యశోద, ఆమె అత్త మూటలు కట్టుకుని పై హాలుకు వెళ్లారు. పై హాలు బావి మూతి దగ్గర ఉంటుంది, పైకప్పుకు ఇనుప జాలీ తప్ప మరేమీ లేదు. మధ్యాహ్నం అక్కడ గోడ ఎండకు కాలి చెయ్యి ఆనించలేం. ముసలామెకు ఆయాసం ఉంది.

నాకు ఒకటి అర్థం కాలేదు. యశోద ఇంటికీ పక్కింటికీ ఒకటే గోడ. పక్కింట్లో గవ్వ నాకింది.

బుధవారం

తెల్లారగానే గవ్వ పచ్చటి నురగ కక్కింది. జావ రెండు చెంచాలు కూడా పోలేదు. నజ్మాకు కబురు పంపాను. ఆమె కింది సాలులో కాన్పు దగ్గర ఉంది, అక్కడి నుంచే అడిగించింది, దొడ్డికి పోయిందా అని. పోలేదని చెప్పాను. తిన్నదే లేదు, ఏం పోతుంది అని కూడా చెప్పాను. పేగు అలక ఇంకా తీరలేదేమో, ఒక్కరోజు చూద్దామని జవాబు వచ్చింది. ఆ వెంటనే ఇంకో మాట అడిగించింది: గాలి సంగతి సారయ్య ఏమంటున్నాడు?

సారయ్య అన్నది ఏమిటంటే, చెడుగాలి పీల్చిన కుక్క ఇలాగే ఉంటుందట. తినదు, కక్కుతుంది, నడుం విల్లులా వంచి నిలబడుతుంది. గవ్వ సరిగ్గా అలాగే నిలబడి ఉంది. ముందుకాళ్లు నేలకు చాపి, వెనక భాగం పైకెత్తి, దండం పెడుతున్నట్టు. "కడుపు కోసినంక ముక్కు ఇంకా చురుకైంది వదినె," అన్నాడు. ఆ మాట నమ్మడానికి కారణం ఏమీ లేదు. నమ్మాను. గవ్వ పడుకునే చోటు బొగ్గు వైపున్న తూర్పు గోడకు దూరంగా మార్చాను కూడా.

ఇవాళ తిప్పితే చివర మూడు ఇండ్లు కాదంది.

మా ఆయన ఓదెలు ఫ్యాన్ల దగ్గర పని చేస్తాడు. వాళ్ల బృందం ఆ మూడిళ్ల గోడలకు బెజ్జాలు వేసి గొట్టాలు దూర్చి చూసింది. ఏమీ లేదు. ఒళ్లంతా మసితో ఇంటికొచ్చి, గవ్వ ముందు కూర్చుని దాని మొహంలోకి చాలాసేపు చూశాడు. "ఏడ ఉందో నువ్వన్న చెప్పరాదే," అన్నాడు. గవ్వ తోక ఒక్కసారి కదిపింది.

అన్నం తింటూ నాకు ఒకటి తోచింది. గవ్వ కాదంటున్నవి ఎప్పుడూ చివరి ఇండ్లే. చెడుగాలి ఆ చివర ఉందనైనా అనుకోవచ్చు. లేదా నడిచి నడిచి గవ్వకు ఓపిక అయిపోయిందనైనా అనుకోవచ్చు. రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది? రేపు అటు వైపు నుంచి మొదలుపెట్టిస్తే తెలుస్తుంది. మా ఆయనకు చెప్పాను. బాగానే ఉంది, సారయ్య ఒప్పుకుంటే అన్నాడు.

గురువారం

సారయ్య ఒప్పుకోలేదు. గాలి ఫ్యాను వైపు నుంచి వస్తుంది కాబట్టి కుక్క కూడా అటు నుంచే నడవాలి, తాతల కాలం నుంచీ అంతే అన్నాడు. కుక్కలు వచ్చి పదిహేనేళ్లు కాలేదు, ఎవరి తాతలో తెలియదు. నేను ఆ మాట అనలేదు. "ఒక్కసారి సారయ్యా, తప్పైతే నన్నే అను," అన్నాను. గొణుక్కుంటూ మూసేసిన యశోద ఇంటి తలుపు తీశాడు.

యశోద ఇంట్లో గవ్వ వేలు నాకింది. నెమ్మదిగా, బలవంతాన నాకినట్టే, కానీ నాకింది. పక్కింట్లోనూ నాకింది. అక్కడి నుంచి ఫ్యాను వైపు వస్తుంటే, ఇన్నాళ్లూ మంచివని తేలిన ఇండ్లలో ఒకదాని తర్వాత ఒకటి మొహం తిప్పేసింది. ఫ్యాను పక్కన ఆఖరిది మాది. మా ఇంట్లో గడప కూడా దాటలేదు, అక్కడే కూలబడింది.

నా లెక్క తేలిపోయిందని అనుకున్నాను. ఇది ఇండ్ల సంగతి కాదు, కుక్క సంగతి. ఆ మాట నోటి దాకా వచ్చింది. అంతలో సారయ్య నుదురు కొట్టుకున్నాడు. చెడుగాలి అటు నుంచి ఇటు మళ్లింది అన్నాడు. నిన్న గోడలకు బెజ్జాలు వేశారు కదా, దారి దొరికి ఇటు పారింది అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. అందరూ మా ఆయన వైపు చూశారు. బెజ్జాలు వేసింది ఆయనే కాబట్టి ఆయన తల దించుకున్నాడు.

అది కూడా నిజమే కావచ్చు. నాకేం తెలుసు? మా ఆయన తల దించుకున్నాక నాకు ధైర్యం పోయింది. నేను కుక్క సంగతి అని, అందరూ ఇండ్లలోనే ఉండిపోయి, పొద్దున్నే ఐదో సాలు లాగా అయితే?

సాలంతా ఈ రాత్రికే ఖాళీ చేయాలని తేలింది.

మూటలు కడుతుంటే గవ్వ కూర్చున్నచోట నేల మీద ఎర్రటి జిగురు కనిపించింది. దొడ్డి కాదు. ఉడికించి చల్లార్చిన గంజిలో నెత్తురు కలిపినట్టుంది. దాన్ని ఎత్తి గుడ్డ మీద పడుకోబెడుతుంటే పొట్టలో ఏదో చేతికి తగిలింది. బొటనవేలంత లావు, బెత్తెడు పొడవు, చుట్టిన చాప లాగా. కుట్లు వాచాయేమో అనుకున్నాను. కుట్లు ఉన్నది మధ్యలో. ఇది ఒక పక్కన ఉంది. మూటల హడావిడిలో నజ్మాకు కబురు చేయలేదు.

శుక్రవారం

రాత్రికి రాత్రే అందరం పై హాలుకు చేరాం. తెల్లారాక, చాలా ఏళ్ల తర్వాత, ఎండ చూశాను. జాలీలోంచి నేల మీద గళ్లు గళ్లుగా పడుతుంది. పిల్లలు దాన్ని తొక్కబోతే కాళ్లు కాలుతాయని పెద్దలు లాగేశారు. ఎవరి చాప ఎక్కడ వేసుకోవాలో అన్నదాని మీద కొంత గొడవ అయింది. యశోద ముందే వచ్చింది కాబట్టి నీడ ఉన్న మూల ఆమెది. నన్ను, గవ్వను పిలిచి పక్కన చోటిచ్చింది. ముసలామె గోడకు ఆనుకుని నోటితో గాలి పీలుస్తోంది.

గవ్వ రాత్రంతా నీళ్లు కూడా ముట్టలేదు. చిగుళ్లు తెల్లగా, సున్నం పూసినట్టు కనిపించాయి. నేను ఇంటి నుంచి తెచ్చిన జావలో వేలు ముంచి మూతి దగ్గర పెట్టాను. అందరూ చూస్తున్నారు. గవ్వ మొహం తిప్పుకుంది.

 యశోద నన్ను చూసి, కుక్కను చూసి, మెల్లగా అంది. "అక్కా, చెడుగాలి ఈడిదాంక గూడ అచ్చిందా?"

ఒకరిద్దరు మూటలు పట్టుకుని లేచారు. లేచారు కానీ ఎటు వెళ్లాలో వాళ్లకు తెలియదు. ఇంక పైన ఏమీ లేదు. జాలీ ఉంది, దాని పైన ఆకాశం ఉంది.

నేను పైకి చూపించాను. "యశోదా, అది ఆకాశం. ఈడ గాలి మన బావిది గాదు. కుక్క ఆకాశాన్ని గూడ కాదంటే, ఇంక తప్పు ఇండ్లది కాదు. దాని కడుపుది."

సారయ్య ఏదో అనబోయాడు. అంతలో గవ్వ కక్కింది. ఈసారి పచ్చగా లేదు, ముదురు గోధుమ రంగు, వాసన మురుగు లాగా ఉంది. అది నోట్లోంచి రావాల్సిన వాసన కాదు.  సారయ్య గవ్వను ఎత్తుకుని మెట్ల వైపు పరుగెత్తాడు. అంత పెద్దమనిషి అంత వేగంగా పరుగెత్తగా నేను చూడలేదు. నేను గిన్నె అక్కడే వదిలేసి వెంట పరుగెత్తాను.

నజ్మా పొట్ట ఒత్తి చూసింది. ఆ చుట్టిన చాప ఆమె చేతికీ తగిలింది. నిన్నటి ఎర్ర జిగురు సంగతి చెప్పాను. కళ్లు మూసుకుంది. నాకు కాక తనకు తానే చెప్పుకుంటున్నట్టు, నేను కూడా గాలి గురించే అడిగాను, అంది.

సారయ్య ఏమైందని అడిగాడు. ఆమె తన పొడుగుచేతుల కోటు చూపించి, దాని చేతిని లోపలికి కొంచెం తోసింది. కోటుచెయ్యి సగం కోటుచేతిలోకే దూరింది. పేగు ఇలా తనలోకి తానే దూరిందట. కోసి కుట్టిన పేగు ఒకచోట అలిగి కదలకుండా ఉంటే, పైభాగం తోసుకుంటూ వచ్చి దాంట్లోకి జారుతుందట. ఒకసారి దూరాక తిన్నది ముందుకు పోదు, లోపల చిక్కిన పేగుకు నెత్తురు అందదు.

అది నాకు వెంటనే అర్థమైంది. ఉతికేటప్పుడు సగం తిరగబడిన చొక్కాచెయ్యి లోపల తడి ఆరదు. బయట ఎంత ఎండబెట్టినా లోపల మగ్గి వాసనేస్తుంది. ఇన్ని రోజులూ గవ్వ నా పొయ్యి పక్కనే పడుకుని లోపల మగ్గిపోతోంది. నేను దాన్ని గోడకు దూరంగా జరిపాను.

మళ్లీ కోయాలి, బతుకుతుందని చెప్పలేను అంది నజ్మా. కోయకపోతే బతకదని చెప్పగలను అంది. ఎవరు ఒప్పుకోవాలో మాకు తెలియలేదు. గవ్వ సాలుది. సాలంతా పై హాలులో ఉంది. సారయ్య నన్ను చూశాడు. "కోయుండ్రి డాక్టరమ్మ," అన్నాను.

శనివారం

గవ్వ బతికే ఉంది. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు కానీ రాస్తాను.

దూరిన పేగును నజ్మా వేళ్లతో మెల్లగా బయటికి తీసిందట. కొంత నల్లబడిపోయింది, ఆ ముక్క కోసేసి మంచి కొసలను కలిపి కుట్టింది చేతులపెట్టె. మళ్లీ దూరకుండా పేగు మడతలను పక్కపక్కన పెట్టి అక్కడక్కడ టాకాలు వేసిందట, చీర కుచ్చిళ్లు జారకుండా పిన్ను పెట్టినట్టు. పొట్టంతా మందునీళ్లతో కడిగింది.

ఈసారి పస్తు పెట్టొద్దంది. పేగును ఖాళీగా వదిలితే మళ్లీ అలుగుతుందట. నిద్ర తేలిన కాసేపటికే ఒక చెంచా, ఇంకాసేపటికి ఇంకో చెంచా. కడుపు తిప్పకుండా ఒక మందు, నొప్పికి ఒకటి. రెండూ చేదే. మెత్తటి అన్నంలో దాచి, గోళీలంత ముద్దలు చేసి పెట్టమంది.

సాలులోకి ఎవరినీ రానివ్వడం లేదు. కుక్క తిరగనిదే ఎవరూ ఉండకూడదు కాబట్టి నేను, సారయ్య గవ్వతో పాటు నజ్మా గదిలోనే ఉన్నాం. గవ్వ పోతే సాలు మూసేస్తారు. తక్కిన సాలుల్లో ఎక్కడ చోటుంటే అక్కడికి తలా ఒక కుటుంబాన్ని సర్దుతారు. యశోద ఒక చోట, మేం ఒక చోట. ఆ సంగతి ఎవరూ పైకి అనడం లేదు. పై హాలు నుంచి దిగి వచ్చినవాళ్లంతా కుక్క ఎలా ఉందని మాత్రమే అడుగుతున్నారు.

సారయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఒక్క మాటే అన్నాడు. "వదినె, అది నాకు చెప్తనే ఉంది. నేను ఇండ్ల దిక్కు చూసిన."  ఇండ్ల దిక్కు చూడనివాళ్లు సాలులో ఎవరూ లేరు.

ఆదివారం

ముద్దలు పెడుతున్నాను. మింగుతుంది, కాసేపటికి కక్కుతుంది. మందు కక్కితే మళ్లీ పెట్టాలి. నోరు తెరిచి నాలుక వెనక పెట్టి గొంతు నిమురుతున్నాను. సారయ్య వల్ల కావడం లేదు, నోరు తెరిపించబోయి వదిలేస్తున్నాడు. కాబట్టి అన్నీ నేనే. నేను దగ్గరికి రాగానే గవ్వ పెదాలు నాకుతూ తల అటు తిప్పుకుంటోంది. కడుపు తిప్పుతోందని గుర్తట. అయినా పెడుతున్నాను. దానికి నేను మంచి చేస్తున్నానో చెడు చేస్తున్నానో తెలియడం లేదు. నజ్మా మాత్రం పెట్టు పెట్టు అంటుంది.

అన్నం వేళకు చెవి పెట్టాను. మొదట ఏమీ లేదు. తర్వాత దూరంగా, పక్కింటి పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నట్టు, ఒక్క బుడగ. మళ్లీ ఇంకోటి. సారయ్యను పిలిచాను. ఆయన చెవి పెట్టి అలాగే ఉండిపోయాడు.

సోమవారం

గవ్వ దొడ్డికి పోయింది. కొంచెమే. నల్లగా, మెత్తగా. నజ్మా చూసి బాగుందంది.

నేను పైకి వెళ్లి ఈ మాట చెప్పాను. పెద్దలూ పిల్లలూ అందరూ ఒకేసారి లేచారు. రంగెలా ఉందని ఒకరు, ఎంత పోయిందని ఒకరు. నా పెండ్లప్పుడు కూడా ఇంతమంది ఇంత శ్రద్ధగా ఏదీ అడగలేదు. యశోద అత్త ఆయాసపడుతూనే చేతులెత్తి జాలీలోంచి ఆకాశానికి దండం పెట్టింది.

గురువారం

రెండు రోజులు రాయలేదు, గవ్వను నడిపించే పనిలో ఉన్నాం. కక్కడం ఆగింది. సారయ్య చేతి నుంచి, నజ్మా చేతి నుంచి గిన్నె ఊడ్చి తింటోంది.

ఇవాళ తిప్పాం. సాలంతా వెనక నడిచింది. సారయ్య మొదట నన్ను అడిగాడు, ఏ దిక్కు నుంచి అని. నాకు నవ్వొచ్చింది. నీ ఇష్టం అన్నాను. అన్నిటికంటే ముందు ఖాళీ అయింది కాబట్టి, యశోద ఇంటి నుంచే మొదలుపెట్టాడు.

యశోద పొద్దున్నే ఎవరినో అడిగి బియ్యం తెచ్చి వండింది. గవ్వ ముద్ద తిని గిన్నె కూడా నాకింది. యశోద గడప మీద కూర్చుండిపోయి కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాతి ఇంట్లో తింది. దాని తర్వాతి ఇంట్లోనూ. ఒక్కో ఇంటి ముందు మూటలు దింపుతున్న చప్పుడు. చివర మా ఇంటికి వచ్చింది. నేను ముద్ద చేసి గడప లోపల కూర్చున్నాను.

గవ్వ ముద్దను చూసింది. పెదాలు నాకింది. మొహం తిప్పుకుంది.

 ఇన్ని రోజులుగా కుక్క సంగతి, ఇండ్ల సంగతి కాదని చెప్పింది నేనే. ఇప్పుడు ఆ కుక్క బాగుంది, అన్ని ఇండ్లలో తింది. నా ఇల్లు కాదంది. ఇంకోసారి పెట్టాను. వెనక్కి ఒక అడుగు వేసింది. నేను లేచి చాప చుట్టడం మొదలుపెట్టాను. మా ఆయన గాలి మీటరు వైపు చూస్తున్నాడు, పచ్చగా ఉంది. కాదని నేనెలా అంటాను? కట్టుబాటు నాకు కూడా కట్టుబాటే.

"ఆగక్కా," అంది యశోద. లోపలికి వచ్చి, నా కుండలోంచి నా అన్నమే తీసి, ముద్ద చేసి అదే గడప మీద పెట్టింది. గవ్వ రెండు గుటకల్లో మింగింది.

సారయ్య నన్ను మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను. మొహం తిప్పింది. మా ఆయన పెట్టాడు. తింది. అప్పుడు సారయ్య నన్ను, గవ్వను యశోద ఇంటికి తీసుకుపోయాడు. యశోద అన్నం, నా చెయ్యి. గవ్వ కాదంది.

"గిప్పుడు నా ఇల్లు మల్ల ఖాళీ చెయ్యాల్నా ఏంది?" అంది యశోద. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు.

సారయ్య నవ్వలేదు. వంగి గవ్వ చెవి వెనక గోకుతూ, దానివైపే చూస్తూ అన్నాడు. "ఇల్లు గాదు వదినె. నీ చెయ్యి. కడుపుల తిప్పినన్ని దినాలు నోట్లె పెట్టింది ఆ చెయ్యే గద."

నజ్మాను అడిగితే అవునంది. కుక్కకు అలా గుర్తుండిపోతుందట, కొన్నాళ్లకు పోవచ్చు, పోకపోవచ్చు. నేను చెయ్యి వాసన చూసుకున్నాను. సబ్బు వాసన తప్ప నాకేమీ తెలియలేదు. ఇంటికొచ్చాక మళ్లీ కడుక్కున్నాను. మళ్లీ వాసన చూసుకున్నాను.

ఇంకా నాకు పూర్తిగా తెలియడం లేదు. కుక్క కడుపునొప్పికి ఎన్ని సాలులు ఎన్నిసార్లు ఖాళీ అయ్యాయో. ఐదో సాలు కుక్క ఆ రోజు కాదన్నది గాలినో, ఇంకేదానినో. నిజంగా గాలినే అయితే, మేం మళ్లీ అలాంటి మాట విన్నప్పుడు ఈసారి కుక్క కడుపు చూస్తూ కూర్చుంటామా? నేను కడుపూ చూడాలి, గోడా చూడాలి అన్నాను. సాలు ఒప్పుకుంది. ఇకనుంచి కుక్క కాదంటే ఇల్లు ఖాళీ చేస్తూనే నజ్మాను పిలవాలి, కుక్కను పై హాలులో ఆకాశం కింద కూడా ఒకసారి ముద్ద పెట్టి చూడాలి. మా ఆయనను మా తూర్పు గోడ కూడా చూడమన్నాను. "ఇప్పటికే ఆ చివరంత జల్లెడ చేసిన. ఇంక ఏం చూడమంటవ్?" అన్నాడు. నాకు తెలియదన్నాను. చూశాడు. ఏమీ లేదు.

సాయంత్రం దీపాలు ఎర్రబడే వేళకు గవ్వ తనంతట తానే వచ్చింది. ఈ వారం వంతు మాది కాదు. పొయ్యి పక్కన నా కాళ్లకు ఆనుకుని, గొరిగిన పొట్ట నేలకు ఆనించి పడుకుంది. వంగి చెవి పెట్టాను. లోపల గుడగుడ ఆగకుండా సాగుతోంది.

రేపటి నుంచి మా గడప ముద్ద మా ఆయన పెట్టాలి. ఆయనకు ముద్ద పిసకడం రాదు, వేళ్ల సందుల్లోంచి మెతుకులు రాలుతాయి. పొద్దున్నే నేర్పాలి.